ఆకలేసినప్పుడే చదివే చీటీ: ఈస్ట్ జీసీఎన్4 ప్రాజెక్టు డైరీ

మార్చి 4

ఎమ్మెస్సీ చివరి సెమిస్టర్ ప్రాజెక్టు ఈ రోజు ఖాయమైంది. బన్నును పొంగించే బేకరీ ఈస్ట్‌లో, జీసీఎన్4 అనే ఒక్క జన్యువు మీద పని.

ఇంటర్ నుంచి ఒకటే బొమ్మ వేస్తూ వచ్చాను. డీఎన్‌ఏ, బాణం, ఆర్‌ఎన్‌ఏ, బాణం, ప్రోటీన్. మొదటి బాణం దగ్గర స్విచ్చులుంటాయని వివరంగా చెప్పేవారు. రెండో బాణం దగ్గరకొచ్చేసరికి, ప్రోటీన్లు తయారుచేసే యంత్రం రైబోజోమ్ వచ్చి చదువుతుందని ఒక్క మాట రాసుకుని పేజీ తిప్పేసేవాళ్లం. దాంతో ఎంఆర్‌ఎన్‌ఏ, అంటే ప్రోటీన్ తయారీ సూచనను మోసే ఆర్‌ఎన్‌ఏ, తయారైందంటే ప్రోటీన్ తయారైనట్టే అని మనసులో నాటుకుపోయింది. అది నిజం కాదు. జీసీఎన్4 ఎంఆర్‌ఎన్‌ఏ ఈస్ట్ కణంలో ఎప్పుడూ ఉంటుంది. తిండికి లోటు లేని రోజుల్లో దాని ప్రోటీన్ మాత్రం చాలా కొద్దిగానే తయారవుతుంది. అమైనో ఆమ్లాలు కరువైనప్పుడు, కణం మిగతా ప్రోటీన్ల తయారీని తగ్గించుకునే ఆ సమయంలోనే, ఇదొక్కటి పెరుగుతుంది. పెరగాలి కూడా. అమైనో ఆమ్లాలను తయారుచేసే జన్యువులను లేపేది ఈ ప్రోటీనే.

ఈ నియంత్రణ ఎంఆర్‌ఎన్‌ఏ తయారీ దగ్గర కాదు, చదవడం దగ్గరే జరుగుతోందని 1984లోనే అమెరికాలో అలన్ హిన్నెబుష్ చూపించారు. తర్వాత దశాబ్దాల పాటు ఆయన ల్యాబ్ ఈ ఒక్క ప్రశ్ననే పట్టుకుని తవ్వింది. నా ప్రాజెక్టులో కొత్తగా కనిపెట్టేది లేదు. పుస్తకంలో చదివినదాన్ని నా చేత్తో చేసి, నా కళ్లతో చూడాలి. నాకు అదే కావాలి.

మన పుస్తకాల్లో దీన్ని అనువాదం అంటారు. ల్యాబ్‌లో అందరం ట్రాన్స్‌లేషన్ అనే అంటాం. నాకు మాత్రం అనువాదం అన్న మాటే నచ్చుతుంది. మూడేసి అక్షరాల న్యూక్లియోటైడ్ల భాషలోంచి అమైనో ఆమ్లాల భాషలోకి మార్చడమే కదా.

మార్చి 7

ప్లాస్మిడ్లు, అంటే కణంలోకి ఎక్కించే గుండ్రటి డీఎన్‌ఏ ముక్కలు, వచ్చాయి. మూడు చిన్న ట్యూబులు, అడుగున కంటికి కనిపించనంత డీఎన్‌ఏ. మూడింటిలోనూ జీసీఎన్4 ప్రమోటర్ (జన్యువును ఆన్ చేసే డీఎన్‌ఏ భాగం), దాని ఎంఆర్‌ఎన్‌ఏ ముందు భాగం ఉన్నాయి. జన్యువు మొదలయ్యాక కాస్త దూరంలో బ్యాక్టీరియా లాక్‌జెడ్ జన్యువును అతికించారు. జీసీఎన్4 చదవబడితే బీటా గెలాక్టోసిడేజ్ అనే ఎంజైమ్ తయారవుతుంది, దాన్ని రంగు చూసి కొలవవచ్చు.

మూడింటికీ తేడా ముందు భాగంలోనే. జీసీఎన్4 ఎంఆర్‌ఎన్‌ఏలో అసలు జన్యువు మొదలయ్యే ముందు దాదాపు 590 అక్షరాల పొడవైన వాకిలి ఉంది. ఆ వాకిట్లో నాలుగు పొట్టి చదువులున్నాయి. ఒక్కోదానికీ ఒక ప్రారంభ గుర్తు, దానితో కలిపి రెండు మూడు అమైనో ఆమ్లాలు, వెంటనే ఒక ముగింపు గుర్తు. వీటిని యూఓఆర్‌ఎఫ్‌లు అంటారు. పీ180 అనే ప్లాస్మిడ్‌లో నాలుగూ ఉన్నాయి. పీ226లో నాలుగోది ఒక్కటే మిగిల్చారు. పీ227లో ఒక్కటీ లేదు. ప్రమోటర్ ఒకటే, ఎంఆర్‌ఎన్‌ఏ దాదాపు ఒకటే. మూడింటి ఫలితాల్లో తేడా వస్తే, ఆ తేడా ఈ పొట్టి చదువులదే.

మార్చి 11

ఈస్ట్‌లోకి ప్లాస్మిడ్లు ఎక్కించాను. లిథియం ఎసిటేట్, పీఈజీ, మరిగించి చల్లార్చిన సాల్మన్ చేప డీఎన్‌ఏ, 42 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు. యురాసిల్ లేని ప్లేట్ల మీద పోశాను, ప్లాస్మిడ్ ఎక్కిన కణాలే పెరుగుతాయి. మూడు రోజులు ఆగాలి. మామూలు ఈస్ట్‌గా బీవై4741 వాడుతున్నాం. దాంతోపాటు జీసీఎన్2 జన్యువు తీసేసిన స్ట్రెయిన్ (ఈస్ట్ రకం) కూడా.

రాత్రి అమ్మ ఫోన్ చేసింది. "ఈస్ట్ అంటే బన్నులో వేసేదేగా, దానికింత చదువెందుకమ్మా?" అంది. అమ్మకు అర్థమయ్యేలా చెప్పాలని కూర్చుంటే నాకే స్పష్టంగా అర్థమైంది. అది ఇక్కడ రాసిపెడుతున్నాను.

రైబోజోమ్‌కు రెండు ముక్కలు. చిన్న ముక్క, అంటే 40ఎస్, ఎంఆర్‌ఎన్‌ఏ ముందు కొసన ఎక్కి, ఏయూజీ అనే ప్రారంభ గుర్తు కోసం వెతుక్కుంటూ నడుస్తుంది. ఈ నడక ఊహను 1978లో మార్లిన్ కోజాక్ ప్రతిపాదించారు. అయితే ఏయూజీ ఎదురైనా దాన్ని గుర్తుపట్టాలంటే 40ఎస్ చేతిలో మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాన్ని మోసే టీఆర్‌ఎన్‌ఏ ఉండాలి. దాన్ని తెచ్చి ఇచ్చేది జీటీపీ అనే శక్తి అణువును పట్టుకున్న ఈఐఎఫ్2 అనే ప్రోటీన్. ఈ ముగ్గురి జట్టును టెర్నరీ కాంప్లెక్స్ అంటారు. ఒక్కసారి ఏయూజీ దగ్గర వాడేస్తే ఆ జట్టు అయిపోయినట్టే, మళ్లీ కొత్తది కావాలి.

అమ్మకు ఇలా చెప్పాను. ఒకాయన జేబులో పది రూపాయలతో ఇంటి నుంచి బయల్దేరాడు. దారి చివర కిరాణా కొట్టు, ఇంట్లోకి బియ్యం అక్కడే దొరుకుతాయి. దారిలో మొదట ఒక టీ కొట్టు, ఇంకొంత దూరం పోయాక ఇంకో టీ కొట్టు. మొదటి కొట్టులో టీ తాగేసరికి జేబు ఖాళీ. అయినా నడక ఆపలేదు. దారిలో తెలిసినవాళ్లు కనిపిస్తే బాకీ వసూలు చేసుకుంటాడు. మంచి రోజుల్లో రెండో టీ కొట్టు రాకముందే ఎవరో ఒకరు డబ్బులిచ్చేస్తారు. జేబులో డబ్బుంది కదా అని అక్కడ కూర్చుంటాడు, అక్కడి నుంచి ఇంక లేవడు. బియ్యం రావు. చెడ్డ రోజుల్లో చేతిలో పైసా లేక రెండో కొట్టు దాటిపోతాడు. ఆ కొట్టుకూ కిరాణా కొట్టుకూ మధ్యలో ఎవరో ఆలస్యంగా డబ్బిస్తారు. నేరుగా పోయి బియ్యం కొంటాడు.

అమ్మ కాసేపు ఆలోచించి, "అయితే డబ్బు లేటుగా రావడమే మంచిదైందన్నమాట" అంది. అంతే. సరిగ్గా అంతే.

మొదటి టీ కొట్టు యూఓఆర్‌ఎఫ్1. దాన్ని చదివాక కూడా చాలా రైబోజోమ్‌ల చిన్న ముక్క ఎంఆర్‌ఎన్‌ఏ మీదే ఉండిపోయి మళ్లీ నడుస్తుంది. చుట్టూ ఉన్న అక్షరాలు, ఈఐఎఫ్3 అనే ప్రోటీన్ కలిసి దాన్ని పడిపోకుండా పట్టుకుంటాయి. యూఓఆర్‌ఎఫ్4 దగ్గర ఆ పట్టు లేదు. అక్కడ చదివితే రైబోజోమ్ ఊడిపోతుంది. బియ్యం జీసీఎన్4.

చెడ్డ రోజు వచ్చిందని కణానికి చెప్పేది జీసీఎన్2. అమైనో ఆమ్లం లేకపోతే టీఆర్‌ఎన్‌ఏలు ఖాళీగా తిరుగుతాయి. ఖాళీ టీఆర్‌ఎన్‌ఏ వచ్చి తగులుకోగానే జీసీఎన్2 మేలుకుని, ఈఐఎఫ్2 ఆల్ఫా ముక్కలో 51వ స్థానంలోని సెరీన్‌కు ఒక ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ఇది 1992లో తేలింది. ఈఐఎఫ్2కు పాత జీడీపీ (వాడేసిన జీటీపీలో మిగిలేది) తీసి కొత్త జీటీపీ ఇచ్చేది ఈఐఎఫ్2బీ. ఫాస్ఫేట్ తగిలిన ఈఐఎఫ్2 దానికి అతుక్కుపోయి వదలదు. కణంలో ఈఐఎఫ్2బీ తక్కువ, ఈఐఎఫ్2 ఎక్కువ. కాబట్టి కొన్నిటికి ఫాస్ఫేట్ తగిలినా చాలు, మొత్తం వ్యవహారం మందగిస్తుంది. టెర్నరీ కాంప్లెక్సులు కరువవుతాయి. మిగతా ఎంఆర్‌ఎన్‌ఏలకు అది నష్టం. జీసీఎన్4కు మాత్రం అదే దారి.

మార్చి 19

మొదటి కొలత. కణాలను రెండు భాగాలు చేసి ఒకదానికి 10 మిల్లీమోలార్ 3-ఏటీ కలిపి ఆరు గంటలు ఊపాను. 3-ఏటీ అంటే 3-అమైనోట్రయజోల్, ఒకప్పుడు కలుపు మందు. 1959లో అమెరికాలో క్రాన్‌బెర్రీ పండ్లలో దీని అవశేషాలు బయటపడి థాంక్స్‌గివింగ్ పండగ ముందు పెద్ద గొడవైంది. గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దని అక్క, అంటే మా పీహెచ్‌డీ సీనియర్, రెండుసార్లు చెప్పింది. ఇది హిస్టిడిన్ తయారీలో హిస్3 అనే ఎంజైమ్‌ను ఆపుతుంది. కణానికి హిస్టిడిన్ కరువు పుడుతుంది.

తర్వాత జెడ్ బఫర్, రెండు చుక్కల క్లోరోఫామ్, కాస్త ఎస్‌డీఎస్, ఒక్క కుదుపు. కణం పొరలకు చిల్లులు పడతాయి. జెడ్ బఫర్‌లోని బీటా మెర్కాప్టోఇథనాల్ వాసన చేతులకు పట్టుకుంటే సబ్బుతో కడిగినా సాయంత్రం దాకా వదలదు. ఓఎన్‌పీజీ కలిపి గడియారం నొక్కాను. ఎంజైమ్ ఉంటే అది విరిగి పసుపు రంగు వస్తుంది.

పీ227 ట్యూబు రెండు నిమిషాల్లోనే పసుపు నీళ్లలా అయిపోయింది. పొట్టి చదువుల అడ్డు లేకపోతే ఇంత తేలిగ్గా చదువుతుందా అని ఆశ్చర్యపోయాను. పీ180 మందు లేని ట్యూబు అరగంటైనా తెల్లగానే ఉంది. బాగుంది. మందు వేసిన పీ180 ట్యూబు కూడా అరగంటైనా తెల్లగానే ఉంది.

నలభై నిమిషాలు. యాభై. లైటుకు ఎదురుగా రెండు ట్యూబులూ పక్కపక్కన పెట్టి చూశాను. తేడా లేదు. టెన్షన్‌తో లెక్క మూడుసార్లు వేశాను. తేడా లేదు.

మార్చి 22

తప్పు దొరికింది. నాదే.

నిన్నంతా 3-ఏటీ పాడైందేమో, ప్లాస్మిడ్ మారిపోయిందేమో అని వెతికాను. ఈ రోజు టీ తాగుతుండగా అక్క అడిగింది. "నువ్వు వాడిన స్ట్రెయిన్ జీనోటైప్, ఏ జన్యువులు ఉన్నాయో లేవో, ఒకసారి పూర్తిగా చదివి చెప్పు." ఫ్రీజర్ రిజిస్టర్ తీసి చదివాను. బీవై4741. హిస్3 లేదు, ల్యూ2 లేదు, మెట్15 లేదు, యురా3 లేదు. మొదటి మాట దగ్గరే గొంతు ఆగిపోయింది.

హిస్3 ఎంజైమ్‌ను ఆపే మందు వేశాను, హిస్3 జన్యువే లేని ఈస్ట్‌కు. ఆ ఈస్ట్ హిస్టిడిన్‌ను సొంతంగా తయారు చేసుకోలేదు కాబట్టి మీడియాలో హిస్టిడిన్ నేనే కలిపాను. ఆపడానికి ఎంజైమ్ లేదు, కరువు పుట్టడానికి అవకాశం లేదు. కణం హాయిగా తింటూ ఉంటే జీసీఎన్4 ఎందుకు చదువుతుంది? చదవలేదు. కణం సరిగ్గానే చేసింది.

ఒక్క విషయం ధైర్యం ఇచ్చింది. పీ227 పసుపు వచ్చింది కాబట్టి కొలత పద్ధతి బాగానే ఉంది. కంట్రోల్ ఎందుకు పెట్టమంటారో ఇంత గట్టిగా ఎప్పుడూ తెలిసిరాలేదు.

దారి రెండు రకాలు. ఐసోల్యూసిన్, వాలిన్ తయారీని ఆపే సల్ఫోమెట్యురాన్ మిథైల్ వాడవచ్చు, అది ఈ స్ట్రెయిన్‌లో పనిచేస్తుంది. లేదా హిస్3 జన్యువున్న పీఆర్‌ఎస్313 ప్లాస్మిడ్ కూడా ఎక్కించి, హిస్టిడిన్ లేని మీడియాలో పెంచాలి. రెండోదే చేద్దామన్నారు మా గైడ్ మేడమ్. ప్లేట్ల మీద కూడా చూసుకోవచ్చని.

ఏప్రిల్ 2

కొత్త ట్రాన్స్‌ఫార్మెంట్లతో, అంటే ప్లాస్మిడ్లు ఎక్కిన కొత్త కణాలతో, మళ్లీ. మీడియాలో యురాసిల్ లేదు, హిస్టిడిన్ లేదు. ల్యూసిన్, మెథియోనిన్ మాత్రం ఉన్నాయి. సీసా మీద ఈసారి అన్నీ రాశాను.

ఓఎన్‌పీజీ వేసి కూర్చున్నాను. అయిదు నిమిషాలకు ఏమీ లేదు. ఎనిమిది నిమిషాలకు, మందు వేసిన పీ180 ట్యూబులో అడుగున ఏదో ఛాయ. తెల్ల కాగితం వెనక పెట్టి చూశాను. గంజిలో చిటికెడు పసుపు కలిపితే వచ్చే ఛాయ. పక్క ట్యూబులో లేదు. పన్నెండు నిమిషాలకు కాగితం అక్కర్లేకుండానే తెలిసిపోయింది. అక్కను పిలవడానికి లేచి, పిలవకుండా మళ్లీ కూర్చున్నాను. ఇంకాస్త చిక్కబడే దాకా ఒంటరిగా చూడాలనిపించింది.

పదిహేనో నిమిషంలో సోడియం కార్బొనేట్ పోసి ఆపాను. ఆపగానే పసుపు ఒక్కసారిగా మెరిసింది, క్షారంలో ఆ రంగు ఇంకా చిక్కబడుతుంది.

ఆ రంగంతా మొదటి పొట్టి చదువు దాటి, చేతిలో ఏమీ లేక నాలుగోదాన్ని దాటిపోయిన చిన్న ముక్కల పని.

ఏప్రిల్ 6

మూడు వేర్వేరు కాలనీలతో మూడు రోజులు చేశాను. ఎంజైమ్ ఎంత ఉందో చెప్పే మిల్లర్ యూనిట్లలో సగటు. పీ180 మందు లేకుండా 14, మందుతో 116. జీసీఎన్2 లేని స్ట్రెయిన్‌లో అదే పీ180 మందు లేకుండా 10, మందుతో 11. పీ226 మందు ఉన్నా లేకున్నా పది లోపే. పీ227 మందు లేకుండానే నాలుగు వందలు దాటింది, మందుతో కాస్త తగ్గింది.

పీ227ను మొదట తప్పు కొలిచాను. రంగు మరీ చిక్కబడేదాకా ఆగితే మెషిన్ రీడింగ్ నమ్మలేం. దానికి కణాలు తగ్గించి, మూడు నిమిషాలకే ఆపాను.

ఈ అంకెల్లో నన్ను పట్టి ఉంచింది పీ226. నాలుగో పొట్టి చదువు ఒక్కటే ఉంటే తలుపు పూర్తిగా మూసుకుపోయింది, కరువొచ్చినా తెరుచుకోలేదు. అంటే మొదటి పొట్టి చదువు అడ్డు కాదు. చూడ్డానికి అడ్డంలా ఉంటుంది కానీ, నాలుగోదాన్ని దాటే అవకాశం ఇచ్చేదే అది. అక్కడ ఒకసారి చదివి, ఖాళీ చేతులతో నడిచే రైబోజోమ్‌కే దాటిపోయే వీలుంది. మొదటిది తీసేస్తే అందరూ నిండు చేతులతో నేరుగా నాలుగోదాని దగ్గరకొచ్చి అక్కడే ఆగిపోతారు. మెకానిజం చదివినప్పుడు ఇది అర్థమైందనుకున్నాను. నిజానికి ఈ అంకె చూశాకే అర్థమైంది.

ఏప్రిల్ 12

3-ఏటీ ప్లేట్లు. పదింతలు పలచన చేసుకుంటూ అయిదేసి చుక్కలు. మామూలు ఈస్ట్ మందు మీద కూడా నెమ్మదిగా అయినా పెరిగింది. జీసీఎన్2 లేనిది మందు లేని ప్లేటు మీద అంతే బాగా పెరిగి, మందు ప్లేటు మీద మొదటి చుక్క దగ్గర మసకగా ఆగిపోయింది. ఫొటో తీశాను. మేడమ్ చూసి, "థీసిస్‌లో మొదటి బొమ్మ ఇదే పెట్టమ్మా" అన్నారు.

ఏప్రిల్ 25

కణం మొత్తం ఎలా ఉందో చూడాలి. దానికి పాలీజోమ్ ప్రొఫైల్. పాలీజోమ్ అంటే చాలా రైబోజోమ్‌లు ఎక్కిన ఎంఆర్‌ఎన్‌ఏ. ఎంఆర్‌ఎన్‌ఏ మీద ఎన్ని రైబోజోమ్‌లు ఎక్కి ఉంటే అది అంత బరువు. చక్కెర ద్రావణం పైన తక్కువ, కింద ఎక్కువ చిక్కదనంతో ట్యూబులో పేర్చి, పైన కణాల రసం పోసి అల్ట్రా సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే బరువును బట్టి విడిపోతాయి. తర్వాత ట్యూబును అడుగు నుంచి పైకి నెడుతూ 254 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిలో కొలిస్తే, కాగితం మీద కొండలు కొండలుగా గీత వస్తుంది.

మెషిన్ మా దగ్గర లేదు. పక్క సంస్థలో స్లాట్ దొరికింది. ముందు రాత్రి 50, 40, 30, 20, 10 శాతం చక్కెర పొరలు ఒక్కోటీ గడ్డకట్టించి దాని మీద ఇంకోటి పోశాను. కోల్డ్ రూమ్‌లో తెల్లారేసరికి కరిగి ఒకదాంట్లో ఒకటి కలిసి నున్నటి వాలు అయిపోయింది. ట్యూబులను మిల్లీగ్రాములతో సహా తూచి, ఎస్‌డబ్ల్యూ41 రోటర్‌లో పెట్టి, 39,000 ఆర్పీఎం, 4 డిగ్రీలు, రెండున్నర గంటలు.

గీత వచ్చింది. 40ఎస్, పెద్ద ముక్క అయిన 60ఎస్, తర్వాత రెండూ కలిసిన 80ఎస్ తాటిచెట్టంత ఎత్తున ఒంటరిగా నిలబడింది. దాని తర్వాత కంచె కొయ్యల్లా వరసగా రావాల్సిన పాలీజోమ్‌లు లేవు. మందు వేసిన కణాల్లో అనుకుంటే సరే. మందు వెయ్యని కణాల్లోనూ ఇదే గీత.

ఇంటికొచ్చి అన్నం తినలేదు.

ఏప్రిల్ 27

మేడమ్ నోట్‌బుక్ అడిగి నేను కణాలను ఎలా దించానో వరసగా చదివారు. "గది వేడిలో సెంట్రిఫ్యూజ్. నీళ్లతో ఒకసారి కడిగాను. తర్వాత సైక్లోహెక్సిమైడ్." అక్కడ వేలు పెట్టారు. "నీళ్లల్లో గ్లూకోజ్ ఉందా అమ్మా?"

లేదు. ఈస్ట్‌కు గ్లూకోజ్ తీసేస్తే నిమిషాల్లో ట్రాన్స్‌లేషన్ మొదలవడమే ఆగిపోతుంది. ఎక్కిన రైబోజోమ్‌లు చదువుతూ పోయి చివర దిగిపోతాయి, కొత్తవి ఎక్కవు. పాలీజోమ్‌లు కరిగిపోయి 80ఎస్ మాత్రం మిగులుతుంది. 2000లో ఆష్, డి లాంగ్, శాక్స్ దీన్ని చూపించారు. దానికి జీసీఎన్2 కూడా అక్కర్లేదు, ఆ దారి వేరు. సైక్లోహెక్సిమైడ్ రైబోజోమ్‌లను ఉన్న చోటే నిలిపేస్తుంది. కానీ నేను అది వేసే ముందే కడిగి, నా చేత్తో కణాలను ఆకలికి గురిచేసి, తర్వాత నిలిపాను. గీత అబద్ధం చెప్పలేదు. కడిగిన తర్వాత కణం ఎలా ఉందో అదే చెప్పింది.

వేగంగా పెరిగే ఒక ఈస్ట్ కణంలో రెండు లక్షల దాకా రైబోజోమ్‌లుంటాయి, నిమిషానికి రెండు వేల కొత్తవి తయారవుతాయి. తయారీకి ఇంత ఖర్చు పెట్టిన యంత్రాలను ఆహారం ఆగిన నిమిషంలో నిలిపేయగలదా అని ఆలోచిస్తూ చాలాసేపు ఆ కాగితం ముందే కూర్చున్నాను.

మేడమ్ ఇంకో మాట అన్నారు. "ఇది పారేయకు. తెలిసి చెయ్యి, ఇదే రెండో ప్రయోగం అవుతుంది."

మే 5

రెండో స్లాట్. ఈసారి ఫ్లాస్క్ ఊగుతుండగానే మిల్లీలీటర్‌కు 100 మైక్రోగ్రాముల సైక్లోహెక్సిమైడ్ పోసి, వెంటనే ఐస్ ముక్కలున్న సీసాలోకి ఒంపాను. కడిగే బఫర్‌లో కూడా సైక్లోహెక్సిమైడ్ ఉంది. గాజు పూసలతో కణాలను బద్దలు కొట్టడం అర నిమిషం వోర్టెక్స్, అర నిమిషం ఐస్, ఎనిమిది సార్లు. బయట ఎండ 42 డిగ్రీలు, నా వేళ్లు ఐస్‌లో మొద్దుబారిపోయాయి.

గీత వస్తుంటే అక్క నా భుజం పట్టుకుని నిలబడింది. 40ఎస్, 60ఎస్, 80ఎస్ మామూలు ఎత్తు. తర్వాత రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. లెక్కపెట్టగలిగాం. ఎంఆర్‌ఎన్‌ఏ మీద వరసగా ఎక్కిన రైబోజోమ్‌లు, కాగితం మీద వరసగా పళ్లు. ఏడో పన్ను కూడా ఉందని అక్క అంటుంది, నాకైతే ఆరే కనిపించాయి.

గ్లూకోజ్ లేకుండా పది నిమిషాలు ఉంచిన కణాల్లో తాటిచెట్టు తిరిగొచ్చింది, జీసీఎన్2 ఉన్నదాంట్లోనూ, లేనిదాంట్లోనూ. గ్లూకోజ్ మళ్లీ ఇచ్చి పది నిమిషాలు ఆగితే పళ్లు మళ్లీ మొలిచాయి. 3-ఏటీ కణాల్లో పళ్లు పూర్తిగా పోలేదు, పొట్టిబడ్డాయి, 80ఎస్ కాస్త పెరిగింది. హిస్టిడిన్ కరువు గ్లూకోజ్ కరువంత మొరటుది కాదు. గ్లూకోజ్ పోతే కణం తలుపులన్నీ మూసేస్తుంది. అమైనో ఆమ్లం తగ్గితే, పని తగ్గించుకుంటూనే దిద్దుబాటు మొదలుపెడుతుంది.

మే 8

ఒక పక్క మాట. ఈ దారి ఈస్ట్‌తో ఆగిపోలేదని చదువుతూ ఉన్నాను. మన శరీరంలో ఈఐఎఫ్2కు అదే ఫాస్ఫేట్ తగిలించే ఎంజైములు నాలుగు. వాటిలో జీసీఎన్2 ఒకటి. ఇంకోటి హెచ్‌ఆర్‌ఐ, ఎర్ర రక్తకణాలు తయారయ్యే చోట ఉంటుంది. హిమోగ్లోబిన్‌లో ఇనుమున్న భాగం హీమ్, ప్రోటీన్ భాగం గ్లోబిన్. ఇనుము చాలక హీమ్ తగ్గితే ఇది మేలుకుని, గ్లోబిన్ చదవడాన్ని తగ్గిస్తుంది. హీమ్ లేకుండా గ్లోబిన్ ఒక్కటే పేరుకుపోతే కణానికి హాని. రక్తహీనత అని డాక్టరు రాసిన చీటీలు మా ఇంట్లో అమ్మ దగ్గర, పిన్ని దగ్గర చూశాను. హిమోగ్లోబిన్ అంకె వెనక, మజ్జలో ఒక్కో కణం ఈ లెక్క వేసుకుంటోందని అప్పుడు తెలియదు.

జీసీఎన్4కు మన దగ్గర ఏటీఎఫ్4 అని ఒక జోడీ ఉంది. దాని ముందు కూడా పొట్టి చదువులే. ఈఐఎఫ్2బీ జన్యువులే పాడైతే మెదడులో తెల్ల పదార్థం కరిగిపోయే జబ్బు వస్తుందని 2001లో తేలింది. పిల్లల్లో జ్వరం వచ్చినా, తలకు చిన్న దెబ్బ తగిలినా అది ఒక్కసారిగా ముదురుతుంది. ఈ పేజీ చదివిన రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు.

మే 14

ఆఖరి ప్రశ్న. 3-ఏటీతో లాక్‌జెడ్ ఎంఆర్‌ఎన్‌ఏ పెరిగిందేమో, అందుకే ఎంజైమ్ పెరిగిందేమో? అలా అయితే నేను చెప్పినదంతా కూలిపోతుంది. వేడి ఫినాల్‌తో ఆర్‌ఎన్‌ఏ తీసి, ఎంఆర్‌ఎన్‌ఏ ఎంతుందో కొలిచే క్యూపీసీఆర్ చేశాను, పోలికకు వాడే మామూలు జన్యువు ఏసీటీ1తో పోల్చి. ఎంఆర్‌ఎన్‌ఏ 1.4 రెట్లు. ఎంజైమ్ ఎనిమిది రెట్లు. మిగతాదంతా చదవడంలో ఉన్న తేడా.

తర్వాత పాలీజోమ్ ట్యూబుల నుంచి పట్టిన భాగాల్లో ఒక్కోదాంట్లో అదే ఎంఆర్‌ఎన్‌ఏ ఎంతుందో చూశాను. నష్టం సరిచూడ్డానికి ఒక్కో భాగంలో కొద్దిగా లూసిఫెరేజ్ ఆర్‌ఎన్‌ఏ కలిపాను. మందు లేని కణాల్లో లాక్‌జెడ్ ఎంఆర్‌ఎన్‌ఏ ఎక్కువగా 80ఎస్ దగ్గర, ఒకటి రెండు రైబోజోమ్‌ల బరువు దగ్గర ఉంది. ఖాళీగా లేదు. దాని మీద రైబోజోమ్ ఎక్కుతోంది, పొట్టి చదువు చదువుతోంది, దిగిపోతోంది. మందు వేసిన కణాల్లో అదే ఎంఆర్‌ఎన్‌ఏ ట్యూబు అడుగుకు, బరువైన భాగాల్లోకి జరిగింది. అదే మందులో, అదే కణాల్లో, ఏసీటీ1 ఎంఆర్‌ఎన్‌ఏ కాస్త పైకి, తేలిక వైపుకు జరిగింది.

ఒకటి దిగింది, ఒకటి ఎక్కింది. రెండు గీతలూ ఒకే గ్రాఫులో వేసి ప్రింట్ తీశాను. అమ్మకు వాట్సాప్‌లో పంపాను. "ఏది బియ్యం?" అని అడిగింది. ఎర్ర గీత అని చెప్పాను.

మే 16

స్ట్రెయిన్లన్నీ గ్లిజరాల్‌లో పెట్టి మైనస్ 80లోకి పంపాను. వచ్చే ఏడు ఇంకెవరో ఈ పెట్టె తెరుస్తారు. మూత మీద చోటు తక్కువని ఇదివరకు స్ట్రెయిన్ పేరు, తేదీ మాత్రం రాసేవాళ్లం. నేను ట్యూబు చుట్టూ కాగితం అంటించి, ఎర్ర పెన్నుతో రాశాను. "బీవై4741. హిస్3 లేదు. 3-ఏటీ వాడాలంటే పీఆర్‌ఎస్313 తప్పనిసరి. హిస్టిడిన్ కలపవద్దు. కడిగే ముందు సైక్లోహెక్సిమైడ్."